రెండంగుళాల శాంపిల్

ఆ వీధిలో మిషనక్క ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా వేలు చూపిస్తారు. ఆవిడ అసలు పేరేమిటని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. ముప్పై ఏళ్ళుగా కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని, మెడలో టేపు వేలాడేసుకుని, పంటితో దారం కొరుకుతూ కనబడే మనిషికి ఇంకో పేరు కూడా అవసరమని ఎవరికీ తోచలేదు. పై అంతస్తులో ఉండే ఎనభై ఏళ్ళ తాతగారు కూడా "మిషనక్కా, ఈ ప్యాంటు కాస్త పొట్టి చెయ్యమ్మా" అంటూ మెట్లు దిగి వస్తారు. ఆయనకి ఈవిడ అక్క ఎలా అయిందని మనం అడగకూడదు. ఆవిడే ఎప్పుడూ అడగలేదు.

వంటింటికి ఆనుకుని ఉన్న పదడుగుల గది ఆవిడ రాజ్యం. ఎప్పుడో ఊడదీసిన పాత వీధి తలుపుని రెండు రేకు డ్రమ్ముల మీద పడుకోబెట్టారు, అదే కత్తిరింపు బల్ల. గడియ పెట్టే చిల్లు అందులో ఇంకా అలాగే ఉంది, రోజుకి నాలుగు గుండుసూదులైనా ఆ చిల్లులోంచి కింద పడతాయి. మిగతాదంతా బట్టలే. బీరువాలో బట్టలు, బీరువా మీద బట్టలు, మంచం కింద పెట్టెల్లో బట్టలు, తలుపు వెనక కొక్కేలకి వేలాడే సంచుల్లో బట్టలు. పోనీ మంచమైనా ఖాళీగా ఉంటుందా అంటే, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలంటే ముందు మంచం మీదివి కుర్చీలోకి మార్చాలి. కుర్చీలో కూర్చోవాలంటే మళ్ళీ మంచం మీదికి.

బట్టలు దాచడానికి ఆవిడకో పద్ధతి ఉంది. అది పద్ధతేనని ఆవిడ తప్ప ప్రపంచంలో ఇంకెవరూ ఒప్పుకోరు. మంచం కింద మొదటి పెట్టెలో ఉన్నవి "మొండివి", అంటే కత్తెర కింద జారిపోయే సాటిన్లు. రెండో పెట్టెలోవి "ఏడుపుగొట్టువి", మొదటి ఉతుకులోనే రంగు కారుస్తాయి. పారేయడానికి మనసొప్పక, కుట్టడానికి చాలక మిగిలిపోయిన ముక్కలన్నీ మూడు దిండు గలీబుల్లో కుక్కి ఉంటాయి, వాటి పేరు "పాపం". బీరువా మీద ఉన్నవి "ఇంకా మనసు కుదరనివి". బీరువా అడుగు అరలో, పాత దుప్పటిలో చుట్టి, నాలుగు కలరా ఉండలు వేసి దాచినవి మాత్రం వేరు. వాటిని ఆవిడ "కత్తెర పెట్టబుద్ధి కానివి" అంటుంది. ఇక జనం తెచ్చి ఇచ్చే బట్టలకి ఇంకో లెక్క ఉంది. ఇద్దరికి మాటల్లేవంటే వాళ్ళ బట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టదు. పెడితే ఎవరిదో ఒకరిది కుట్టు వంకర పోతుందని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని ఆ వీధిలో ఎవరికెవరికి చెడిందో తెలుసుకోవాలంటే మిషనక్క బీరువా తెరిచి చూస్తే చాలు.

ఆవిడ భర్త మూడు నెలల కిందటే రిటైరయ్యాడు. బస్సుల డిపోలో స్టోర్స్ చూసేవాడు, ముప్పై నాలుగేళ్ళు. నట్టు కావాలన్నా స్లిప్పు రాయాలి, బోల్టు కావాలన్నా స్లిప్పు రాయాలి. మేనేజరే వచ్చి అడిగినా స్లిప్పు లేకుండా గుడ్డపీలిక కూడా బయటికి పోయేది కాదు. డ్రైవర్లు పెట్టిన "స్టోర్సాయన" అనే పేరు ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. అలాంటి మనిషిని ఒక రోజు పొద్దున్నే ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుంది? మొదటి వారం చెంచాలు లెక్కపెట్టాడు. రెండో వారం వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు వేశాడు. టీ పెడదామని మిషనక్క పంచదార డబ్బా కోసం తడుముకుంటుంటే, హాల్లోంచి "నాలుగు!" అని కేక వినబడేది. ఆవిడ పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. కుట్టుగది గడప మాత్రం తొక్కనివ్వలేదు. "ఈ గదిలో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, మీరు హాల్లో ఉండండి" అని ముందే చెప్పేసింది.

ఇప్పుడు పెద్ద సిస్టర్ గారి ఎర్ర బట్ట సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పెద్ద సిస్టర్ అంటే రెండు వీధుల అవతల ఉన్న ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆరడుగుల మనిషి. ఆవిడ వార్డులోకి వస్తుంటే మంచాలు కూడా సర్దుకుని పడుకుంటాయని అక్కడివాళ్ళు అంటారు. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ తెల్ల యూనిఫారమే. పదకొండేళ్ళ కిందట ఒక సెలవురోజున ఏ బుద్ధి పుట్టిందో, ఒక షాపు అద్దంలో చూసి నాలుగు మీటర్ల ఎర్ర పట్టుబట్ట కొని, తిన్నగా మిషనక్క దగ్గరికి తెచ్చింది. చిన్న చిన్న బంగారు పువ్వులు, అన్నీ తలెత్తి పైకే చూస్తుంటాయి. "ఇప్పుడు కాదు మిషనక్కా. నేను రిటైరయ్యే రోజుకి. ఇంత బతుకూ మోకాళ్ళ దగ్గర ఆగిపోయే తెల్ల గౌన్లోనే అయిపోయింది. ఆ రోజు మాత్రం గౌను పాదాల మీద పడాలి" అంది. మిషనక్క అప్పుడే కొలతలు తీసి, లెక్క కట్టి, ఒక కాగితం మీద "అంగుళం మిగలదు, జాగ్రత్త" అని రాసి గుండుసూదితో బట్టకి గుచ్చి, బీరువా అడుగు అరలో పెట్టేసింది. మధ్యలో రెండుసార్లు సిస్టరు వచ్చి, బట్ట తీయించి, ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసుకుని, మళ్ళీ లోపల పెట్టించి వెళ్ళిపోయింది. ఆ రిటైర్మెంటు సభ ఈ శనివారం. మంగళవారం ఊర్నుంచి వచ్చేసి, బుధవారం కత్తిరించి, శుక్రవారానికి ఇచ్చేస్తానని మిషనక్క మాటిచ్చింది.

ఊరికెందుకు వెళ్ళిందంటే, చెల్లెలికి మోకాలి ఆపరేషను. ఎనిమిది రోజులు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఆ ఎనిమిది రోజులూ స్టోర్సాయన రోజూ ఫోను చేశాడు. అసలు అక్కడే ఆవిడకి అనుమానం రావాల్సింది. ఎప్పుడూ "తిన్నావా, ఉంటాను" అని రెండు ముక్కల్లో పెట్టేసే మనిషి, "ఏమోయ్, మూడొందల అట్టముక్కలు ఒకే సైజులో కావాలంటే ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగితే ఎవరికైనా చెవులు నిక్కబొడుచుకోవాలి. ఆవిడ చెల్లెలి మాత్రల హడావిడిలో పడి "నాకేం తెలుసు, పుస్తకాల షాపులో అడగండి" అంది. చేతులారా దారి చూపించింది.

మంగళవారం మధ్యాహ్నం ఇంటికొచ్చి కుట్టుగది తలుపు తీసింది. తీసి, మళ్ళీ వేసి, అది తన ఇల్లేనా అని వెనక్కి తిరిగి హాలు చూసుకుంది. మళ్ళీ తీసింది.

గదిలో నేల కనబడుతోంది! ఆ నేలకి పచ్చ గళ్ళున్నాయని ఆవిడ మర్చిపోయి ఇరవై ఏళ్ళయింది. గోడ పొడుగునా ఇనప ర్యాకు, డిపోలో తీసేసిన దాన్ని తెచ్చి, తోమి, రంగు వేశాడు. ర్యాకులో బట్టలు పుస్తకాల్లా నిలబడి ఉన్నాయి. ఒక్కో బట్టనీ ఒక్కో అట్ట మీద ఒకే వెడల్పుకి మడిచి, వీపు బయటికి పెట్టి, దానికో నంబరు చీటీ అంటించాడు. దారపు రీళ్ళు మేకులకి వరసగా నిలబడ్డాయి. గుండీలు సీసాల్లోకి చేరాయి. తలుపు బల్లకున్న గడియ చిల్లుని ఒక రబ్బరు బిరడాతో మూసేశాడు. మంచం మీద దుప్పటి పరిచి ఉంది, దుప్పటి మీద ఏమీ లేదు.

"ఎలా ఉందోయ్?" అన్నాడు స్టోర్సాయన వెనకనుంచి. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు.

మిషనక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నా 'మొండివి' ఏవి? నా 'ఏడుపుగొట్టువి' ఏవి?" అని అడిగింది.

"అవేం విభాగాలే! రంగుల వారీగా సర్దాను. అంతా ఇందులో ఉంది" అని ఆయన ఒక పెద్ద రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నంబరు, రంగు, పొడుగు, వెడల్పు, ఎవరిది, ఏ అరలో ఉంది. ప్రతి వరస చివరా ఆ బట్ట ముక్క ఒకటి, రెండంగుళాల చదరం, బంకతో నీటుగా అంటించి ఉంది. మొత్తం మూడువందల పన్నెండు.

ఆవిడ పేజీలు తిప్పుతూ పోయింది. "ఇదేమిటండీ, ఇది ఎరుపా? ఇది దానిమ్మగింజ. ఇదీ ఎరుపేనా? ఇది ఇటుక. ఇది కుంకుమ. మీ కళ్ళకి ఎరుపంటే ఒక్కటే ఎరుపా?"

"డిపోలో ఎరుపు ఒక్కటేనోయ్. వెనక లైటు."

"మరి ఈ 'ఇతరములు' ఏమిటి? నూటనలభై ఉన్నాయి!"

"నాకు రంగు తెలియనివి" అన్నాడాయన నిజాయితీగా.

ఆవిడ ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. అయినా అంత తేలిగ్గా లొంగిపోతే ఎలా? పరీక్ష పెట్టింది. పై తాతగారి గోధుమరంగు ప్యాంటు గుడ్డ అడిగింది. ఆయన రిజిస్టరు తిప్పాడు, ర్యాకు దగ్గరికి వెళ్ళాడు, తెచ్చి చేతిలో పెట్టాడు. మూలింటావిడ లైనింగు గుడ్డ అడిగింది. అదీ వచ్చింది. ఆవిడ పద్ధతిలో అయితే ఆ లైనింగు కోసం మంచం కిందికి దూరాలి, దూరి తుమ్మాలి, తుమ్మి తల మంచంపట్టెకి కొట్టుకోవాలి. పైకి చెప్పలేదు గానీ లోపల సంతోషంతో ఉక్కిరిబిక్కిరైపోయింది. తన గదిని ఒక మనిషి ఎనిమిది రోజులపాటు ఇంత ముద్దుగా చూసుకున్నాడన్నది అన్నిటికన్నా ఎక్కువగా తగిలింది. "ముక్కలు కూడా భలే అతికించారు. 'పాపం' గలీబుల్లోంచి ఏరారా?" అని మెచ్చుకుంది. ఆయన విన్నాడో లేదో, అప్పటికే టీ పెట్టడానికి వెళ్ళిపోయాడు.

ఆ పూట భార్యాభర్తలు ఆ గదిలోనే, ఆ మంచం మీదే, పక్కపక్కన కూర్చుని టీ తాగారు. అలా కూర్చోవడం ఆ గదిలో అదే మొదటిసారి.

బుధవారం పొద్దున్నే మిషనక్క స్నానం చేసి, చేతులు బాగా తుడుచుకుని, ర్యాకులో ఎర్ర పట్టు వీపు మీది చీటీ చూసి, "రెండొందల పదిహేడు" అంది, కాస్త ఆటపట్టిస్తూనే. ఆయన ఎర్ర పట్టుబట్ట తెచ్చాడు. ఆవిడ అట్ట మీదనుంచి విప్పి బల్ల మీద పరిచింది. అరచేత్తో నిమురుకుంటూ ఈ చివరనుంచి ఆ చివరిదాకా వెళ్ళింది. ఆ చివర, ఎడమ మూల దగ్గర, చెయ్యి ఆగిపోయింది.

మూల లేదు. రెండంగుళాల చదరం, కొలిచి గీసి కోసినట్టు, శుభ్రంగా లేదు.

"ఏమండీ, ఇదేమిటి?"

"శాంపిల్."

"దీన్లోంచి కోశారా?"

"అన్నిట్లోంచీ కోశాను. ఏ బట్ట శాంపిల్ ఆ బట్టలోంచే కదా తీస్తారు" అన్నాడాయన, ఇది కూడా తెలియదా అన్నట్టు. "మూలేలే. రెండంగుళాలే."

మిగతా మూడువందల పదకొండు గుడ్డలకీ మూలన రెండంగుళాలు పోతే కొంప మునగదు, కత్తిరింపులో ఎలాగూ పోయే మూలలే. ఇది అలాంటిది కాదు. ముందు భాగం, వెనక భాగం, పొడుగు చేతులు, కాలరు, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని పడితే గానీ చాలని బట్ట. పోయిన మూల సరిగ్గా ముందు భాగం కింది అంచు. తిరగేసి వేద్దామంటే పువ్వులు తలకిందులవుతాయి. మొత్తం రెండంగుళాలు పొట్టి చేద్దామంటే పాదాల మీద పడాలన్న కోరికే పోతుంది. ఆవిడ కాగితపు కొలతలు పరిచి అటు జరిపింది, ఇటు జరిపింది. ఎటు జరిపినా ఆ చదరం నోరు తెరుచుకుని కనబడుతూనే ఉంది. ముప్పై ఏళ్ళలో ఒకరి బట్ట పాడుచేసి ఇచ్చిన మనిషి కాదు ఆవిడ. మొట్టమొదటి మచ్చ పడబోతున్నది పదకొండేళ్ళు కంటికి రెప్పలా దాచిన బట్ట మీద.

"కాగితం గుచ్చి ఉంది కదండీ, అంగుళం మిగలదని?"

"చదివాను. ఆ కాగితం కూడా ఫైల్లో పెట్టాను" అన్నాడాయన. గొంతులో ధీమా అప్పటికే పోయింది. రిజిస్టరులోంచి ముక్క ఊడదీసి మళ్ళీ అతికిస్తే సరిపోదా అని సన్నగా అడిగాడు. అతుకేసిన కొత్త గౌను వేసుకుని ఆ మహాతల్లి స్టేజీ ఎక్కాలా అని ఆవిడ ఒక్క చూపు చూసింది. ఆయన భోజనానికి పిలిచినా రాలేదు. నిన్న రాజులా తిరిగిన గదిలో ఓ మూల స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు. ఆవిడకి కోపం బుసబుసా పొంగుతూనే ఉంది, ఆ మొహం చూస్తే మాత్రం తిట్టడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం దాటాక ఆయనే మెల్లిగా అన్నాడు. "డిపోలో బస్సులకి రేకు కట్టేవాళ్ళుండేవారోయ్. కొత్త రేకు దించేటప్పుడు ఒక్కోసారి ఏదో ఒక మూల చిరిగిపోయేది. రేకు పారేసేవాళ్ళు కాదు. నాలుగు మూలలూ గుండ్రంగా కోసేసేవాళ్ళు. అడిగితే ఇదే డిజైను అనేవాళ్ళు."

మిషనక్క కళ్ళు చిట్లించింది. బట్ట చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ బట్ట చూసింది. గౌనుకి రెండు పక్కలా పిక్కల దాకా చీలిక ఇచ్చి, ముందూ వెనకా కింది మూలలు నాలుగూ గుండ్రం తిప్పితే? సుద్దముక్క తీసి గీసింది. చిన్న గుండ్రానికి చదరం లోపలికి పొడుచుకొచ్చి కనబడింది. ఇంకాస్త పెద్దది గీసింది. ఏడంగుళాలకి తిప్పేసరికి పోయిన మూల గీత బయటికి వెళ్ళిపోయింది. పొడుగు ఎక్కడా తగ్గలేదు, మధ్యలో పాదాల మీద పడుతుంది. పైగా వార్డు ఈ కొసనుంచి ఆ కొసకి అంగలేసుకుని నడిచే మనిషికి పక్క చీలికలుంటేనే హాయి. ఆవిడ ఆనందం పట్టలేక భర్త భుజం మీద ఒక్కటిచ్చింది. ఆయన స్టూలు మీదనుంచి పడబోయి నిలదొక్కుకున్నాడు.

"అయితే ఎవరికీ తెలియదన్నమాట" అంది ఆవిడ, ఊపిరి పీల్చుకుని.

"తెలియదు" అన్నాడాయన. "కానీ చెప్పాలోయ్. స్టోర్స్‌లో పోయినదాన్ని పోయిందనే రాశాను ఎప్పుడూ. ఆవిడ వస్తే నేనే చెప్తాను" అన్నాడు. మిషనక్కకి ఆ మాట నచ్చలేదు, కాదనడానికీ లేదు.

గురువారం పొద్దున్న పదింటికి మిషనక్క కత్తెర చేతిలోకి తీసుకుందో లేదో, వాకిట్లో పెద్ద సిస్టర్ నిలబడి ఉంది. తెల్ల యూనిఫారంలో, గుమ్మం నిండా.

"మిషనక్కా, ఇంకా కత్తెర పెట్టలేదు కదా?"

"ఇప్పుడే పెడుతున్నాను సిస్టర్ గారూ."

"హమ్మయ్య, సమయానికొచ్చాను. పెట్టకు. ఆ బట్ట ఇలా ఇచ్చెయ్యి. మా అన్నయ్య కూతురికి ఇచ్చేస్తాను."

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గౌను కుట్టేస్తే మూల సంగతి చల్లగా చెప్పొచ్చనుకున్నారు. ఇప్పుడు బట్టకి బట్టగా తిరిగి అడుగుతోంది.

"అదేమిటండీ, పదకొండేళ్ళు దాచుకుని?" అంది మిషనక్క, ముందు ఏదో ఒకటి అనాలి కాబట్టి.

సిస్టరు మంచం అంచున కూర్చుంది. రోగుల బంధువుల్ని కంటిచూపుతో బయటికి పంపే మనిషి, చేతిలో పర్సు జిప్పు తీస్తూ వేస్తూ నేల చూస్తూ మాట్లాడింది. "రాత్రంతా ఆలోచించాను. నాకా ఎరుపు ఈ వయసులో! అందరి ముందూ నడిచి రావాలి. కుర్ర నర్సులు నవ్వుకోరూ? నా మొహానికి తెలుపే అలవాటు. తెల్లబట్టల్లోనే వెళ్ళి, తెల్లబట్టల్లోనే ఇంటికొచ్చేస్తాను. ఆ పిల్లయితే చక్కగా ఉంటుంది, వయసులో ఉంది." ఇష్టం చచ్చిపోయి ఇస్తున్న మనిషి కాదని, భయపడి ఇస్తున్నదని మిషనక్కకి స్పష్టంగా తెలిసిపోయింది. కుట్టాలా వద్దా అన్నది మాత్రం తన చేతిలో లేదు.

స్టోర్సాయన స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు. అటెండెన్సు పిలిచినట్టు నిలబడ్డాడు.

"సిస్టర్ గారూ, ఆ బట్ట మూల నేను కోసేశాను."

"ఏమిటీ?"

"రెండంగుళాలు. రిజిస్టరులో శాంపిల్ పెట్టడానికి. తప్పు నాదే. మా ఆవిడ ఊళ్ళో కూడా లేదు" అని, రిజిస్టరు తెరిచి రెండొందల పదిహేడో వరస చూపించాడు. రంగు అన్న గడిలో ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో "ఎరుపు" అని రాసి ఉంది. వరస చివర ఆ చదరం, రెండున్నర బంగారు పువ్వులతో.

సిస్టరు రిజిస్టరు చూసింది. లేచి బల్ల దగ్గరికి వెళ్ళి బట్ట మూల వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. గాయం చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూసింది. మిషనక్క కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

తర్వాత సిస్టరు భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని మిషనక్క ఒక అడుగు ముందుకేసింది. ఏడుపు కాదు, నవ్వు. ముందు లోపల్లోపల, తర్వాత గట్టిగా, ఆఖరికి ర్యాకులో అట్టలు అదిరేలాగా. నవ్వుతూనే బల్ల పట్టుకుని నిలబడింది, కళ్ళు తుడుచుకుంది.

"పదకొండేళ్ళు!" అంది. "పదకొండేళ్ళనుంచి దీని మీద నిన్ను కత్తెర పెట్టనిచ్చానా నేను? ఇవాళ కాదు, రేపు కాదు. రెండుసార్లు వచ్చి చూసి పారిపోయాను. ఈ మహానుభావుడు ఒక్క పూటలో, అడక్కుండా, శాంపిల్ కోసం కోసి పారేశాడు!"

"నిజం చెప్పొద్దూ సిస్టర్ గారూ, నేనూ రెండుసార్లు కత్తెర తీసి భయపడి లోపల పెట్టేశాను" అంది మిషనక్క. చెప్పేశాక ఒళ్ళు తేలికైపోయింది.

"మరి ఇంకేం. ఇప్పుడు దీన్ని మా అన్నయ్య కూతురికి ఎలా ఇస్తాను? కోత పడ్డ బట్ట ఎవరైనా ఒకరికి పెడతారా? ఇక ఇది నా నెత్తినే పడింది." ఆ మాట అంటున్నప్పుడు సిస్టరు మొహం చూడాలి. పెద్ద శిక్ష పడ్డట్టు మాట, వెలిగిపోతున్న మొహం. "కుట్టెయ్యి. ఇక్కడే, నా ఎదురుగా కొయ్యి. నేనిక్కణ్ణించి కదిలితే మళ్ళీ మనసు మార్చుకుంటాను."

మిషనక్క ఏడంగుళాల గుండ్రం సంగతి, పక్క చీలికల సంగతి చెప్పింది. సిస్టరు అక్కడే నాలుగంగలేసి చూపించి, "ఈ అంగకి సరిపోవాలి" అంది. స్టోర్సాయన కొలతల కాగితాలు కదలకుండా మూలమూలనా గుండీల సీసాలు బరువు పెట్టాడు. కత్తెర పట్టులోకి దిగిన చప్పుడుకి ముగ్గురూ ఒక్కసారి ఊపిరి బిగబట్టి, ఒక్కసారే వదిలేశారు. ఆ తర్వాత కత్తెర ఎక్కడా ఆగలేదు.

శనివారం నాలుగింటికి ఆసుపత్రి మీటింగు హాల్లో మూడో వరసలో మిషనక్క, స్టోర్సాయన కూర్చున్నారు. ఆవిడ, చంక దగ్గర కుట్టు బిగుతుగా లేదు కదా, కాలరు నిలబడింది కదా అని భర్త చెవిలో పదిసార్లు అడిగింది. ఆయనకి కాలరంటే ఏమిటో సరిగ్గా తెలియకపోయినా పదిసార్లూ నిలబడిందనే చెప్పాడు.

స్టేజీ మీద పెద్ద డాక్టరు మైకు సర్దుకున్నాడు. కుర్చీలన్నీ నిండాయి. తలుపు పక్కనుంచి పొడుగాటి మనిషి ఒకావిడ ఎర్ర గౌనులో నడిచి వచ్చింది. బంగారు పువ్వులు తలెత్తి ఉన్నాయి, అంచు పాదాల మీద పడుతోంది, పక్క చీలికలు అడుగు అడుగుకీ విచ్చుకుంటున్నాయి. హాలంతా తలలు తిప్పి చూసింది. ఎవరో ముఖ్య అతిథి భార్య అనుకుని ముందు వరసలోవాళ్ళు లేచి దారిచ్చారు. ఆవిడ మెట్లెక్కి, డాక్టరు పక్కనే వచ్చి నిలబడింది. డాక్టరు మర్యాదగా ఒక నమస్కారం పెట్టి, ఆవిడ భుజం మీదుగా తలుపువైపు చూసి, వాచీ చూసుకుని, మైకులో అన్నాడు.

"మన పెద్ద సిస్టర్ గారు ఇంకా రాలేదు. ఎవరైనా వార్డులోకి వెళ్ళి పిలుచుకొస్తారా?"

ఆయన పక్కనుంచి, వార్డు మొత్తానికి బాగా తెలిసిన గొంతు వినబడింది. "ముప్పై ఆరేళ్ళలో ఒక్కరోజు లేటుగా రాలేదు డాక్టర్. ఇవాళ వస్తానా?"

కుర్ర నర్సులే ముందు లేచారు, కుర్చీలు వెనక్కి పడిపోతున్నా చూసుకోకుండా చప్పట్లు కొడుతూ. డాక్టరు నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఎర్ర గౌనులో సిస్టరు తల పైకెత్తి, అందరినీ ఒకసారి చూసి, తన పేరు రాసి ఉన్న కుర్చీలో దర్జాగా కూర్చుంది.

మూడో వరసలో మిషనక్క ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. పక్కన స్టోర్సాయన చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు మండిపోయి, ఆవిడ వైపు వంగి, "ఏమోయ్, అది దానిమ్మగింజే కదూ?" అన్నాడు.